తడిసిన తుక్కు

మహారాష్ట్రలోని ఉమ్రి స్టేషనున మన్మాడు దిక్కుగా పోవు రైలెక్కి, నాందేడు, పర్భణి దాటిన ప్రయాణికునకు ఉక్కు కర్మాగారములకు పేరొందిన జాల్నా పట్టణము తగులును. అచ్చట 2024 ఆగస్టు 24న ఒక కర్మాగారమున కొలిమి పేలి, కరగిన లోహము మీద చిందగా, 22 మంది కార్మికులు గాయపడిరి.

ఇట్టి పేలుళ్ళకు తడియు ఒక కారణము కావచ్చును. సుమారు 1,500 డిగ్రీల వేడిమిలో మరుగుచున్న ఉక్కునకు పరమశత్రువు నీరు. వానకు తడిసిన తుక్కుగాని, మూత బిగిసిన డబ్బాగాని ఆ ద్రవమున మునిగెనా, లోని చెమ్మ క్షణములో ఆవిరియై, తన పరిమాణమునకు 1,600 రెట్లకుపైగా వ్యాకోచించి, వెడలు దారి గానక, పైనున్న లోహమునెల్ల చిమ్మివేయును. కాగిన నూనెలో తడిగరిటె ముంచరాదని మన ఇల్లాండ్రెరుగుదురు. కొలిమియొద్ద ఆ మెలకువ కొరవడుటయే వింత. తుక్కును ఆరబెట్టి, డబ్బాలను చీల్చి, పిదపనే కొలిమికి పంపవలెను.