మందు చేరు మార్గము



మీలో పెక్కుమంది నావలెనే అరువదియేండ్లు దాటినవారు. మన యిండ్ల గూళ్ళలో నిప్పుడు పుస్తకములకంటె మందుగోలీలే యెక్కువ. కావున మందు మన దేహములో చేరు మార్గమును గూర్చి నేడు నాలుగు మాటలు మనవి చేసికొందును. ఈ ప్రసంగమునకు మూలము నేను చేసిన యొక తప్పిదము.

మా అన్నగారు ధర్మపురి ప్రాంతమున నుందురు. వారికి డెబ్బదియారేండ్లు. రక్తపోటునకు నిఫెడిపిన్ అను మందును వైద్యులు వ్రాసియిచ్చిరి. గోలి మింగుట వారికి కష్టము. వదినగారు పొరుగూరి కేగిన యొకనాడు ఆ పని నా చేతికి వచ్చినది. మా తండ్రిగారి కాలపు కల్వమును దింపి, గోలిని మెత్తగా నూరి, తేనెతో రంగరించి నాకించితిని. అనుపానము తెలిసినవాడనని నాకు గర్వము. గంట గడవకముందే అన్నగారికి కన్నులు చీకట్లు క్రమ్మినవి, లేవబోయి కూలిపోయిరి. ఆసుపత్రికి చేర్చితిమి. వైద్యుడు చూచి, "మాస్టరుగారూ, గోలి నెట్లిచ్చితిరి?" అని యడిగెను. ఉన్నదున్నట్లు చెప్పితిని. "అది దినమంతయు కొంచెము కొంచెముగా మందును విడుచుటకు చేసిన గోలి. దినమంతటి మందును మీరొక్క గడియలో పోసితిరి" అనెను. రెండు దినములకు అన్నగారు కోలుకొనిరి. నాకు మాత్రము చదువు మరల మొదలైనది.

మన చెరువు తూమును తలచుకొనుడు. తూముగుండ పారిన నీరు పంటను పండించును. కట్ట తెగినచో ఆ నీరే పొలమును ముంచును. ఇట్టి గోలీలు పెక్కింటిలో మందును ఒక జిగురు పదార్థముతో కలిపి యొత్తుదురు. కడుపులోని తడి తగులగనే అది యుబ్బి, మందును మెల్లమెల్లగా వదలును. గోలిని నూరుట యనగా కట్టను తెగగొట్టుటయే.

మరికొన్ని గోలీలకు పైపూత యుండును. కడుపుమంటకు వాడు పాంటాప్రజోల్ జఠరములోని యామ్లము తగిలిన చెడిపోవును. కావున ఆమ్లమునకు కరగక, ప్రేగులలో మాత్రమే కరగు పూతను దానికి వేయుదురు. నమిలినచో ఆ కవచము పగులును, మందు వ్యర్థమగును.

చక్కెరవ్యాధికి వాడు ఇన్సులిన్ మాంసకృత్తుల జాతిది. మ్రింగినచో పప్పువలె జీర్ణమైపోవును. కావుననే 1922లో రోగికి మొదట నిచ్చిననాటినుండి సూదియే దానికి ముఖ్యమార్గమైనది. గుండెనొప్పికి నాలుక క్రింద నుంచుకొను గోలి, కాలేయముగుండ పోకుండ, నోటి పొరనుండి నేరుగా రక్తములో కలియును. ఉబ్బసమునకు సాల్బుటమాల్ గోలి 4 మిల్లీగ్రాములైనచో, పీల్చు మందు ఒక్క పీల్పునకు 100 మైక్రోగ్రాములే, అనగా నలువదవ వంతు. తిన్నగా ఊపిరితిత్తులకే చేరుటచేత అంత స్వల్పమైనను పనిచేయును.

మన జిల్లాల యనుభవము నొకటి చెప్పెదను. బోదకాలు కరీంనగరు గ్రామములను చిరకాలము పీడించినది. పూర్వము దానికి ఆంటిమొనీ మందులను సూదులతో నిచ్చి చూచిరి. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లే సంస్థ పరిశోధనలకు నాయకులై యుండగా, 1947లో డైఇథైల్‌కార్బమజీన్ అను మందు వెలువడినది. నోటితో మ్రింగదగిన దగుటచేతనే దానిని ఊరూర పంచుట సాధ్యమైనది. 2004లో మన ప్రభుత్వము వ్యాధిగల ప్రాంతములలో దానిని సామూహికముగా పంచ నారంభించినది. తరువాత ఆల్బెండజోల్ గోలియు దానికి తోడైనది. ఆ పంపిణీలో మొదటిదానిని భోజనానంతరము మ్రింగవలెను, రెండవదానిని నమలవలెను. ఒకే చేతినుండి వచ్చిన రెండు గోలీలకు రెండు పద్ధతులు!

మన పూర్వవైద్యులకు మార్గవిచారము లేకపోలేదు. ఒకే భస్మమును ఒకరికి తేనెతో, ఒకరికి నేతితో, ఒకరికి పాలతో నిచ్చెడివారు. తేనెను యోగవాహి యనిరి. దోషము శాస్త్రమున లేదు. నూరదగిన గుళికకు చెప్పిన విధిని నూరరాని గోలి కన్వయించిన నాలో నున్నది. నిర్మలు ప్రాంతమున పాఠము చెప్పునాడు, సూత్రమును తగనిచోట నన్వయించిన బాలురను నేనెన్నిమార్లు మందలించితినో!

కావున పెద్దలకు నా మనవి. మందుపట్టీమీద పేరు ప్రక్కన ఎస్.ఆర్., ఎక్స్.ఆర్., ఇ.ఆర్., సి.ఆర్. వంటి యక్షరములున్నవేమో మనుమలచేత చదివించుకొనుడు. అవి మెల్లగా కరగు మందునకు గుర్తులు. అక్షరములు లేనంతమాత్రమున నూరవచ్చునని తలపకుడు. నడుమ గీటున్నను వైద్యుని యడుగకుండ విరువకుడు. మ్రింగుట కష్టమైనచో సిగ్గుపడక ఆ మాట చెప్పుడు. పానకముగానో, వేరొక రూపముననో మందు దొరకవచ్చును. కూర్చుండి, నిండుగ్లాసు నీటితో మ్రింగుడు.

"ఏ మందు?" అని యడుగుట మనకు తెలిసినదే. "ఎట్లు పుచ్చుకొనవలెను?" అనుమాటను కూడ నడిగి రండు. ఆ యొక్కప్రశ్న నేనానాడు అడిగియున్నచో, మా అన్నగారికి ఆ యాపద వచ్చియుండెడిది కాదు. మా తండ్రిగారి కల్వము మరల అటుకమీదికి చేరినది.

సెలవు.