బిడ్డ చెప్పుకొన్న మాట

ఎదిగిన కూతురు చెంత గూర్చుండి, “అమ్మా, నా మనస్సు పురుషులయందే గాక స్త్రీలయందును అనురాగము నొందుచున్నది” అని చెప్పినచో తల్లి యేమి చేయవలయును? దీనిని నేడు ద్విలైంగికత యందురు.

పెక్కుమంది తల్లులు తొందరపడి, “పురుషుడును నచ్చును గదా! పెండ్లి చేసికొని, ఆ మాట మఱచిపొమ్ము” అందురు. అది ఓదార్పువలె దోచును గాని బిడ్డకు ములుకువలె నాటును. ఆమె పెండ్లిమాటకై రాలేదు; తల్లియొద్దనైనను తన్ను దాను దాచుకొనలేక వచ్చినది. పెండ్లియైనంతనే స్వభావము మాఱదు. అట్లని యామెను చంచలచిత్త యనుటయు న్యాయము గాదు.

ప్రపంచారోగ్య సంస్థ 1990లోనే స్వలింగానురాగమును రోగముల పట్టికనుండి తొలగించినది. వయసువచ్చినవారు పరస్పరసమ్మతితో నొనర్చు స్వలింగసాంగత్యము నేరము గాదని సుప్రీముకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పినది. ఇట్టి స్వభావమును మార్చెదమను చికిత్సను జాతీయ వైద్య సంఘము 2022లో వృత్తిదోషముగా నెంచినది. కావున వైద్యులకడకు గాని, మంత్రగాండ్రకడకు గాని బిడ్డను ద్రిప్పకుడు.

మొదట ఆమె మాట తుదివఱకు వినుడు. ఆమె యనుమతి లేక తండ్రికైనను చెప్పకుడు. ఏమనవలయునో తోచనిచో చేయి పట్టుకొని, “నాతో జెప్పి మంచిపని చేసితివి, లెమ్ము, అన్నము తిందము” అనుడు. ఆ పూట కదియే చాలును.