నవ్వు ఎవరి మీద? - రేడియో హాస్యనాటికా రచనలో ఇద్దరి పని

హాస్యం రాయడం తేలిక అనే అభిప్రాయం మన సాహిత్య లోకంలో చాలాకాలంగా ఉంది. రేడియో హాస్యనాటిక అంటే మరీ చులకన. వార్తలకూ పాటలకూ మధ్య పావుగంట కాలక్షేపం అనుకుంటారు. 1980లలో ఒక మిత్రునితో కలిసి కొన్నేళ్లపాటు అలాంటి పావుగంట నాటికలు రాసిన అనుభవంతో, ఆ పని ఎలా జరుగుతుందో, అందులో రచయిత బాధ్యత ఎక్కడ ఉందో చెప్పాలని ఈ ప్రయత్నం.

జంట రచన మనకు కొత్తది కాదు. తిరుపతి వేంకట కవులలో తిరుపతిశాస్త్రి 1920లో మరణించిన తర్వాత కూడా వేంకటశాస్త్రి ఇద్దరి పేరుతోనే రాశారు. పింగళి, కాటూరి కవులు కలిసి 'సౌందరనందము' రాశారు. అయితే పద్యంలో ఇద్దరు కలవడం వేరు, హాస్యంలో కలవడం వేరు. పద్యం బాగుందో లేదో పండితులు వాదించుకోవచ్చు. హాస్యానికి ఆ వెసులుబాటు లేదు. ఎదుటివాడు నవ్వాడా లేదా అన్నదే తీర్పు. ఆ తీర్పు చెప్పే మొదటి మనిషి పక్కనే కూర్చుని ఉండడం జంట రచనలోని అసలు లాభం.

మా పద్ధతి సామాన్యమైనది. ఒకరు పైకి మాట్లాడుతూ ఉంటే ఇంకొకరు రాసేవారు. కంటితో చదివితే బాగున్న వాక్యం నోటికి రాకపోవచ్చు. నోటికి రానిది రేడియోకు పనికిరాదు. రెండోవాడు నవ్వకపోతే ఆ మాట కొట్టివేయడమే, దానికి వాదన లేదు. అయితే ఇందులో ప్రమాదమూ ఉంది. ఇద్దరు స్నేహితులు తమకు మాత్రమే తెలిసిన సంగతులకు నవ్వుకుంటూ లోకమంతా నవ్వుతున్నదని భ్రమపడవచ్చు. అందుకే రాసినదాన్ని ఇంట్లోవాళ్లకూ, చదువు అంతగా లేని ఇరుగుపొరుగు వాళ్లకూ చదివి వినిపించేవాళ్లం.

రేడియోకు కళ్లు లేవు. రంగస్థలం మీద నటుడు పంచె సర్దుకున్నా జనం నవ్వుతారు. రేడియోలో మాట్లాడని పాత్ర లేనట్టే లెక్క. నలుగురైదుగురికి మించి పాత్రలుంటే గొంతులు కలిసిపోతాయి. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో మొదటి నిమిషంలోనే, పిలుపుల్లోనే తెలియాలి. తలుపు కిర్రుమనడం, సైకిలు గంట మోగడం వంటి శబ్దాలు కథలో పనిచేయాలి కాని అలంకారం కారాదు. అన్నిటికంటే ముఖ్యమైనది నిశ్శబ్దం. శ్రోత ఇంట్లో ఒంటరిగా వింటాడు. అతను నవ్వడానికి ఒక క్షణం వదలాలి. మరీ ఎక్కువ వదిలితే రేడియో చెడిపోయిందనుకుంటాడు!

ఇదంతా పనితనం. అసలు ప్రశ్న వేరే ఉంది: నవ్వు ఎవరి మీద?

అప్పట్లో హాస్యనాటికకు ఒక సిద్ధమైన మూస ఉండేది. గయ్యాళి భార్య, నత్తి నౌకరు, యాసతో మాట్లాడే పల్లెటూరి మనిషి. యాస పెడితే నవ్వు దానంతటదే వస్తుందని మాకు సలహా ఇచ్చినవారూ ఉన్నారు. శ్రమ చేసే మనిషి మాటను ఎగతాళి వస్తువుగా మార్చి, అతని చేతనే వినిపించడం కంటే అన్యాయం ఏముంటుంది? శ్రోతల్లో ఎక్కువమంది ఆ యాసలవాళ్లే కదా!

ఒక ఉదాహరణ చెబుతాను. వృద్ధాప్య పింఛను కోసం ఒక ముసలమ్మ కార్యాలయానికి వస్తుంది. గుమాస్తా "తమ దరఖాస్తు పరిశీలనలో ఉన్నది" అంటాడు. "మూడేళ్లనించీ పరిశీలిత్తన్నారు, ఆ కాయితానికో కళ్లజోడైనా పెట్టించండి బాబూ" అంటుంది ఆమె. బతికే ఉన్నట్టు ధ్రువపత్రం తెమ్మంటాడు అతను. "నేను ఎదురుగా నిలబడ్డాను కదా!" "మీరు నిలబడితే చాలదు, కాగితం నిలబడాలి." ఇక్కడ యాస ఉంది, కాని నవ్వు యాస మీద లేదు. నవ్వు తెప్పించేది గుమాస్తా నోటి సర్కారు తెలుగు. తెలివైన మాట యాసలో ఉంది.

ఇంతటితో నాకు తృప్తి కలిగింది. నా మిత్రుడు ఒప్పుకోలేదు. "గుమాస్తా మాత్రం ఎవరు? నెలజీతగాడు. వాణ్ని నవ్వులపాలు చేసి పైవాళ్లను వదిలేస్తే మనం చేసిందేమిటి?" అన్నాడు. రెండు రోజులు వాదించుకున్నాం. చివరికి నాటిక ముగింపులో ఆ గుమాస్తా ప్రమోషను ఫైలు గురించి పై కార్యాలయానికి ఫోను చేస్తాడు. అవతలి గొంతు అదే స్వరంతో, "తమ ఫైలు పరిశీలనలో ఉన్నది" అంటుంది. ముసలమ్మ పకపకా నవ్వుతుంది. నవ్వు ఒక మెట్టు పైకి వెళ్లింది. ఒంటరిగా రాసి ఉంటే ఆ మెట్టు దొరికేది కాదు.

ఆకాశవాణి ప్రసార నియమావళి ప్రకారం రాజకీయ పక్షాలను పేరుపెట్టి విమర్శించరాదు. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల మీద శత్రుపూరితమైన విమర్శ చేయరాదు. ఈ హద్దు రచయితను రెండు దారుల్లో నడిపించగలదు. ఒకటి పిరికిదారి: ఎవరికీ కోపం రాని భార్యాభర్తల కీచులాటలు రాసుకోవడం. రెండోది, పేరు వదిలి పద్ధతిని పట్టుకోవడం. మనిషి పేరు చెప్పనంత మాత్రాన వ్యవస్థ దాగదు. 1880లో వీరేశలింగం 'వ్యవహార ధర్మబోధిని'లో కోర్టు వ్యవహారాలను ప్రహసనంగా చూపినప్పుడూ, గురజాడ గిరీశాన్ని సృష్టించినప్పుడూ నడిచింది ఈ రెండో దారినే.

ఇతర దేశాల అనుభవమూ ఇదే చెబుతుంది. ఇంగ్లండులో రే గాల్టన్, అలన్ సింప్సన్ అనే ఇద్దరు యువకులు 1948లో మిల్‌ఫర్డ్ క్షయ శానిటోరియంలో రోగులుగా కలిశారు. అక్కడి రోగుల రేడియో కోసమే మొదట హాస్యం రాశారు. 1954లో బీబీసీ రేడియోలో ప్రారంభమైన వారి 'హాంకాక్స్ హాఫ్ అవర్' పాటలూ విడివిడి ఛలోక్తులూ వదిలి, గొప్పలకు పోయే ఒక సామాన్యుడి జీవిత పరిస్థితి నుంచే హాస్యం పుట్టించింది. నవ్వు మాటలో కంటే పరిస్థితిలో ఉంటుందని ఆ జంట నిరూపించింది.

మద్రాసు నుంచి 1938లో, విజయవాడ నుంచి 1948లో మొదలైన తెలుగు ప్రసారాల తర్వాత మాధ్యమాలు ఎన్నో మారాయి. ఇప్పుడు హాస్యం చేతిలోని ఫోనులోకి వచ్చింది. కాని యాసను వెక్కిరించే మూస చావలేదు. లావుపాటి మనిషి మీద, నల్లని రంగు మీద, ఇంటిపని చేసే స్త్రీ మీద జోకులు కొత్త దుస్తులు తొడుక్కుని తిరుగుతూనే ఉన్నాయి.

కనుక హాస్యం రాయదలచిన యువ రచయితలకు నేను చెప్పేది ఒక్కటే. ఒక జోడీని వెతుక్కోండి. మీతో కలిసి నవ్వేవాణ్ని మాత్రమే కాదు, నవ్విన తర్వాత "ఇది ఎవరి మీద?" అని అడిగేవాణ్ని వెతుక్కోండి. కిందివాడి మీద నవ్వు అలవాటు నుంచి వస్తుంది. పైవాడి మీద నవ్వు ఆలోచన నుంచి వస్తుంది. అభ్యుదయ రచయితకు కావలసింది ఆ రెండోదే.