విశాఖ డాబా మీద హాప్స్ పండుతాయా?

‘అన్నా, డాబా మీద హాప్స్ పెంచి ఇంట్లోనే బీరు తయారు చేద్దామనుకుంటున్నాం. ఫైనలియర్ ప్రాజెక్టుగా పనికొస్తుందా?’ మొన్న ఓ జూనియర్ పంపిన మెసేజ్ ఇది. నవ్వొచ్చింది కానీ, ప్రశ్న మాత్రం తీసిపారేసేది కాదు. సగానికి ‘వద్దు’ అని, మిగతా సగానికి ‘తప్పకుండా చెయ్’ అని జవాబిచ్చాను.

ముందు వద్దన్న సగం. అమెరికాలో గ్యారేజీలో బీరు చేసుకునే వీడియోలు మీరూ చూసే ఉంటారు. అక్కడ సొంత వాడకానికి చేసుకోవచ్చని 1978లోనే ఫెడరల్ చట్టం తెచ్చారు. మన దగ్గర ఆ వెసులుబాటు లేదు. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం, 1968 ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం. ఐదు లీటర్ల డబ్బాలో చేసినా, ఒక్క చుక్క అమ్మకపోయినా నేరమే. మీరు దానికి క్రాఫ్ట్ బీర్ అని పేరు పెట్టుకోవచ్చు, కేసు రాసేవాళ్లకు సారా బట్టీ గుర్తొస్తుంది. ఉద్యోగాల కోసం తిరిగే ఏడాదిలో పోలీస్ వెరిఫికేషన్ ఫారం మీద ‘మీపై కేసులున్నాయా’ అన్న గడిలో ‘అవును’ అని రాయాల్సిన పరిస్థితి తెచ్చుకోకండి.

ఇక మొక్క సంగతి. హాప్స్ పెంచడానికి ఎక్సైజ్ లైసెన్సు అక్కర్లేదు. ఇదొక తీగ. దొండపాదులా, ఆకాకరలా ఇందులోనూ ఆడ, మగ మొక్కలు వేరు. బీరుకు కావాల్సింది ఆడ మొక్కకు కాసే లేత ఆకుపచ్చ పూలగుత్తులు. పొర మీద పొర కప్పుకుని బొటనవేలంత ఉంటాయి, వీటినే కోన్లు అంటారు. పొరల మధ్య లుపులిన్ అనే పసుప్పచ్చ పొడి ఉంటుంది. బీరుకు చేదు, వాసన వచ్చేది దాన్నుంచే. ఇంకో మాట, గంజాయిదీ దీనిదీ ఒకటే వృక్ష కుటుంబం. హాప్స్‌లో ఆ మత్తు ఉండదు. అయినా ఏజెన్సీ గంజాయి వార్తలు రోజూ చదివే ఊరు మనది. పక్కింటి అంకుల్‌కి ముందే చెప్పి ఉంచడం మంచిది.

అసలు చిక్కు సూర్యుడితో. హాప్స్ 35 నుంచి 55 డిగ్రీల అక్షాంశాల మధ్య బాగా పండే పంట. మన దేశంలో దీన్ని పండించిన చోటు హిమాచల్‌ప్రదేశ్‌లోని లాహౌల్ లోయ. అక్కడ జూన్‌లో పగలు 14 గంటలు దాటుతుంది. విశాఖ ఉన్నది 17.7 డిగ్రీల దగ్గర. ఎంత మండు వేసవైనా మన పగలు సుమారు 13 గంటల 10 నిమిషాలే. పగలు తగ్గుతుంటే పూత పెట్టడం ఈ తీగ స్వభావం. అంతకుముందు పొడవైన పగళ్లలో అయిదారు మీటర్లు ఎగబాకాలి. మన ఊళ్లో దానికి ఎప్పుడూ పగలు చిన్నదిగానే కనిపిస్తుంది. కాబట్టి ఎదగకముందే నాలుగు పూలు పూసి ఊరుకుంటుంది.

ఇక్కడే ఇంజినీరుకు పని. ఫ్లోరిడాలోనూ ఇదే సమస్య. అక్కడి యూనివర్సిటీ పరిశోధకులు పొలంలో ఎల్ఈడీ లైట్లు పెట్టి పగటిని పొడిగించారు. తీగ చాలినంత పెరిగాక లైట్లు ఆపేస్తే పూత వచ్చింది, ఏడాదికి రెండు పంటలు తీయగలిగారు. చలికాలపు నిద్ర లేకుండా హాప్స్ పూయదని చాలాకాలం నమ్మారు. అది తప్పనిసరి కాదని కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో బిల్ బావర్లే 2019లో చూపించారు. ఆ లైటు ఎక్కువ కాంతి ఇవ్వక్కర్లేదు కూడా. మొక్కకు తిండి పెట్టడం దాని పని కాదు, ఇంకా పొద్దుపోలేదని నమ్మించడమే. ఉదయం అయిదున్నర నుంచి రాత్రి పదిన్నర దాకా వెలుగు ఉంటే 17 గంటలు వచ్చేస్తాయి.

మరి దుంప ఎక్కణ్నుంచి తేవాలి? అమెరికా నుంచి వచ్చే బాబాయ్ సూట్‌కేసులో మాత్రం వద్దు. విదేశీ మొక్కలు, దుంపలు తేవాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం అనుమతి ఉండాలి. పురుగు, తెగులు వెంట రాకుండా ఉండేందుకే ఆ నిబంధన. దేశంలో ఉన్న మొక్క నుంచి పిలక సంపాదించాలి. దొరికినా మొదటి ఏడాది పెద్దగా కాయదు, పూర్తి దిగుబడి మూడో ఏడాదికి గానీ రాదు. ఫైనలియర్‌లో మొదలుపెడితే రిపోర్టులో రాయడానికి ఆకులే మిగులుతాయి, సెకండియర్‌లో ఉన్నవాళ్లు ఆలోచించండి. ఇంకోటి, హుద్‌హుద్‌ను చూసిన ఊరు ఇది. డాబా మీద అయిదు మీటర్ల పందిరి వేసేముందు గాలి లోడు లెక్క వేయండి. సివిల్ ఫ్రెండ్‌ని పట్టుకోండి.

దొరక్కపోతే? డ్రాగన్ ఫ్రూట్. మన నర్సరీల్లో ఉంటుంది, పూతకు పొడవైన పగలు కోరుతుంది. సీజన్ కాని రోజుల్లోనూ కాయించడానికి రైతులు తోటల్లో రాత్రిపూట బల్బులు వెలిగిస్తున్నారు. రెండు కుండీలు పెట్టండి, ఒకదానికి లైటు, ఒకదానికి లేదు. ఈఎస్‌పీ32 బోర్డు, డీహెచ్‌టీ22 సెన్సర్, ఒక లైట్ సెన్సర్, టైమర్. మీ ప్రాజెక్టు అదే.

హాప్స్ కాయించగలిగినవాళ్లకు కోత తర్వాత ఇంకో పాఠం ఉంది. కోను నొక్కితే కాగితంలా గరగరలాడి మళ్లీ విచ్చుకోవాలి, అప్పుడే కోయాలి. తాజా కోనులో దాదాపు 80 శాతం నీరే. దాన్ని 8 శాతానికి తేవాలి, అదీ 60 డిగ్రీలు దాటకుండా, లేకపోతే వాసన ఎగిరిపోతుంది. 100 గ్రాముల కోన్లలో ఘనపదార్థం 20 గ్రాములు. 20ని 0.92తో భాగిస్తే 21.7. అంటే తూకం 22 గ్రాముల దగ్గరికి దిగేదాకా ఆరబెట్టాలి. విశాఖ గాలి తేమకు నీడన ఆరేస్తే బూజే వస్తుంది, ఫ్యాను, హీటరు, కంట్రోలర్ కావాలి. కెమికల్ వాళ్లు సెకండియర్‌లో చదివే మాస్ బ్యాలెన్స్ ఇదే. పరీక్షలో రాసి మర్చిపోయాం కదా!

దీంతో ఉద్యోగమా? బీరు ఒక్కటే లెక్కేస్తే అవకాశాలు తక్కువే. శ్రీకాకుళం జిల్లా రణస్థలం దగ్గర యునైటెడ్ బ్రూవరీస్ ప్లాంటు ఉంది, హైదరాబాద్‌లో మైక్రోబ్రూవరీలున్నాయి. ఆ దారే కావాలనుకుంటే పుణెలోని వసంత్‌దాదా షుగర్ ఇన్‌స్టిట్యూట్‌లో వైన్, బ్రూయింగ్, ఆల్కహాల్ టెక్నాలజీలో ఎంఎస్సీ, కాన్పూర్‌లోని నేషనల్ షుగర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫెర్మెంటేషన్ డిప్లొమా ఉన్నాయి. లండన్‌లోని ఐబీడీ జనరల్ సర్టిఫికెట్ నుంచి మాస్టర్ బ్రూవర్ దాకా పరీక్షలు పెడుతుంది. కానీ ఫెర్మెంటేషన్ అంటే బీరొక్కటే కాదు. కాకినాడ జిల్లా తొండంగి మండలంలో అరబిందో గ్రూపు లైఫియస్ ఫార్మా ప్లాంటు పెన్సిలిన్-జి తయారు చేసేది పెద్ద పెద్ద ఫెర్మెంటర్లలోనే, సామర్థ్యం ఏటా 15,000 టన్నులు. వ్యాక్సిన్లు, ఎంజైములు, ఇథనాల్, అన్నిచోట్లా సూక్ష్మజీవిని సరైన ఉష్ణోగ్రతలో, పీహెచ్‌లో ఉంచి కనిపెట్టుకోవడమే పని. దాన్ని ఇంట్లో నేర్చుకోవాలంటే ఎక్సైజ్ భయం లేని ఇడ్లీ పిండి ఉంది. రాత్రంతా గంటగంటకీ పీహెచ్, ఉష్ణోగ్రత నమోదు చేసి గ్రాఫ్ గీయండి. వానాకాలంలో, చలికాలంలో ఆ గ్రాఫ్ ఎలా మారిందో ఇంటర్వ్యూలో చెప్పగలిగితే, ‘ప్యాషనేట్ లెర్నర్’ అన్న లైను రెజ్యూమెలోంచి తీసేయొచ్చు.

జూనియర్ ఇప్పుడు డ్రాగన్ ఫ్రూట్ కుండీకి టైమర్ పెట్టాడు. మొదటి వారం డేటాలో రోజూ రాత్రి ఏడు నుంచి అరగంట ఖాళీ. సెన్సర్ పాడైందనుకుని రెండు రోజులు కోడ్ వెతికాడు. ఆ టైములో వాళ్లమ్మ ప్లగ్ పీకి నీళ్ల మోటారు పెడుతున్నారట.