రాష్ట్రం మారిన టీచరుకు ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు?

పెళ్లి వల్లనో, భర్త లేదా భార్య ఉద్యోగం వల్లనో, పిల్లల చదువుల కోసమో ఏటా ఎందరో టీచర్లు సొంత రాష్ట్రం వదిలి వెళ్తున్నారు. గుంటూరు నుంచి హైదరాబాద్‌కు, కర్నూలు నుంచి బెంగళూరుకు, చిత్తూరు నుంచి చెన్నైకి సామాను చేరినంత తేలిగ్గా ఉద్యోగం చేరదు. కొత్త ఊళ్లో దిగిన కొద్ది రోజులకే రకరకాల మాటలు చెవిన పడతాయి. ‘మీ బీఈడీ ఇక్కడ పనికిరాదు’ అని ఒకరంటారు. ‘ఆధార్‌లో అడ్రస్ మార్చుకుంటే చాలు, లోకల్ అయిపోతారు’ అని ఇంకొకరంటారు. మొదటి మాట నమ్మినవారు చదివిన చదువును అటకెక్కించి ఇంట్లో కూర్చుంటారు. రెండో మాట నమ్మినవారు డీఎస్సీ కోచింగుకు డబ్బూ కాలమూ పోసి, సర్టిఫికెట్ల పరిశీలన రోజున నిలువునా నీరైపోతారు. ఈ రెండు అపోహలకూ మూలం ఒకటే: అర్హతనూ ప్రాధాన్యాన్నీ కలిపేసి చూడటం. మన దేశంలో టీచరు కనీస అర్హత అన్ని రాష్ట్రాలకూ ఒకటే, అది మనతోపాటు సరిహద్దు దాటుతుంది. స్థానికత, రిజర్వేషన్, సర్వీసు మాత్రం దాటవు. ఏది దాటుతుందో, ఏది దాటదో తెలియక ధైర్యంగా ఉండాల్సిన చోట భయపడటం, జాగ్రత్త పడాల్సిన చోట ధీమాగా ఉండటం వల్లే రాష్ట్రం మారిన టీచర్లు ఎక్కువగా నష్టపోతున్నారు.

ముందు బీఈడీ సంగతి. అమెరికాలో ఒక్కో రాష్ట్రం తన సొంత టీచింగ్ లైసెన్సు ఇస్తుంది. అక్కడి బంధువుల ద్వారా ఆ సంగతి విన్నవారు ఇక్కడా అంతేనేమో అనుకుంటారు. మన దగ్గర అలాంటి రాష్ట్ర లైసెన్సు లేదు. 1993 నాటి చట్టంతో ఏర్పడిన జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, అంటే ఎన్‌సీటీఈ, కాలేజీలకు గుర్తింపు ఇస్తుంది. విద్యాహక్కు చట్టం 23వ సెక్షన్ కింద కనీస అర్హతలు నిర్ణయించే అధికారమూ దానిదే. 2010 ఆగస్టు 23న అది ఇచ్చిన నోటిఫికేషన్‌లోనే ప్రాథమిక విద్యలో రెండేళ్ల డిప్లొమాను ‘ఏ పేరుతో పిలిచినా సరే’ అని రాశారు. అందువల్ల టీటీసీ అన్నా, డీఎడ్ అన్నా, డీఎల్ఎడ్ అన్నా పేరు దగ్గర చిక్కు రాదు. గుర్తింపు ఉన్న కాలేజీలో చదివి, గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం నుంచి తీసుకున్న బీఈడీకి ‘ఈక్వివలెన్స్’ తెస్తామంటూ డబ్బు అడిగేవారిని నమ్మొద్దు. అసలు చూసుకోవాల్సింది వేరే ఉంది. బీఈడీతో ఒకటి నుంచి అయిదు తరగతులు బోధించే ఎస్‌జీటీ పోస్టుకు అర్హత లేదని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. ఎస్‌జీటీ పోస్టుకు పనికిరాలేదంటే అది పరాయి రాష్ట్రపు బీఈడీ కావడం వల్ల కాదు. సొంత రాష్ట్రంలో ఉన్నా అదే జవాబు వస్తుంది.

ఉపాధ్యాయ అర్హత పరీక్ష, అంటే టెట్ దగ్గర అపోహ రెండు వైపులా ఉంది. రాష్ట్రం మారితే పాత టెట్ మెమో చిత్తుకాగితమే అనేవారు కొందరు, ఒకసారి పాసైతే దేశమంతా చెల్లుతుందనేవారు మరికొందరు. ఏడేళ్ల గడువు పోయి టెట్‌కు జీవితకాల చెల్లుబాటు వచ్చిన మాట నిజం. 2011 నుంచి పాసైనవారందరికీ ఇది వర్తిస్తుందని 2021లో కేంద్రం ప్రకటించింది. అయితే ఎంతకాలం చెల్లుతుందన్నది ఒక ప్రశ్న, ఎక్కడ చెల్లుతుందన్నది మరో ప్రశ్న. ఒక రాష్ట్రం నిర్వహించిన టెట్‌ను ఇంకో రాష్ట్రం తన నియామకాల్లో ఒప్పుకోవాలన్న నిర్బంధం లేదు, ఆ రాష్ట్రం నోటిఫికేషన్ ఏం చెబితే అదే. అందుకే రాష్ట్రం మారే అవకాశం ఉన్నవారికి సీబీఎస్ఈ నిర్వహించే సీటెట్ ఎక్కువ అక్కరకొస్తుంది. కేంద్రీయ విద్యాలయాలు, నవోదయలు దాన్నే అడుగుతాయి. తెలంగాణ డీఎస్సీలో కూడా సీటెట్‌ను పరిగణనలోకి తీసుకున్నారు. అన్‌ఎయిడెడ్ ప్రైవేటు బడులు రాష్ట్ర టెట్‌నైనా సీటెట్‌నైనా ఎంచుకోవచ్చని ఎన్‌సీటీఈ మార్గదర్శకాలే చెబుతున్నాయి. సీటెట్‌లో భాషా విభాగానికి తెలుగును ఎంచుకోవచ్చు.

ఇక స్థానికత. ఎక్కువమంది ఆశలు పోగొట్టుకునేది ఇక్కడే, నిదానంగా చూడాల్సిందీ ఇక్కడే. 1973లో 32వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 371-డి అధికరణం, దాని కింద 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా స్థాయి పోస్టుల్లో 80 శాతం స్థానికులకు కేటాయించాయి. తెలంగాణకు 2018లో వచ్చిన కొత్త ఉత్తర్వులు దాన్ని 95 శాతానికి పెంచాయి. ఇక్కడ స్థానికత అంటే ఇప్పుడు ఎక్కడ ఉంటున్నాం అన్నది కాదు, చిన్నప్పుడు ఎక్కడ చదివాం అన్నది. తెలంగాణలో ఒకటి నుంచి ఏడో తరగతి మధ్య నాలుగేళ్లు ఎక్కడ చదివారో చూస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు నుంచి పదో తరగతి వరకు ఏడేళ్ల చదువు చూస్తారు, అందులోనూ పదో తరగతితో ముగిసే వరుస నాలుగేళ్లకు మొదటి ప్రాధాన్యం. కాబట్టి ఆధార్ అడ్రస్, ఓటరు కార్డు, రేషన్ కార్డు, కొత్తగా కొన్న ఫ్లాటు రిజిస్ట్రేషన్ పత్రాలు చూపించినా స్థానికత రాదు. భర్త స్థానికుడైనంత మాత్రాన భార్యకూ రాదు. రెండు రాష్ట్రాల లెక్కలూ వేరు కావడంతో ఒక విచిత్రమైన ఫలితం వస్తుంది. అయిదో తరగతి దాకా హైదరాబాద్‌లో, ఆరు నుంచి పది దాకా గుంటూరులో చదివిన అమ్మాయి రెండు రాష్ట్రాల్లోనూ స్థానికురాలు కాగలదు. అదే చదువు తిరగేసి, అయిదు దాకా గుంటూరులో, పది దాకా హైదరాబాద్‌లో సాగితే మామూలు లెక్క ప్రకారం రెండు చోట్లా నాన్‌లోకలే. విభజన తర్వాత తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు నివాసం మార్చుకున్నవారికి గడువు పెట్టి స్థానికత ఇచ్చారు. ఆ గడువును పొడిగించారు కూడా. అయినా అది తేదీలకు కట్టుబడిన మినహాయింపే. ఎప్పుడు వచ్చి స్థిరపడ్డా దొరికే హక్కని అనుకోకూడదు.

మిగిలిన 20 శాతం, 5 శాతం పోస్టులు నాన్‌లోకల్ అభ్యర్థుల కోటా అన్నది దీనికి తోక అపోహ. అది ఓపెన్ కోటా. మెరిట్ ప్రకారం స్థానికులు కూడా ముందు అందులోకే వస్తారు. 2024 తెలంగాణ డీఎస్సీలో 11,062 పోస్టులు ఉన్నాయి. 5 శాతమంటే 550 చిల్లర. వాటిని 33 జిల్లాలకు, సబ్జెక్టులకు, మీడియంలకు, రోస్టర్‌కు పంచితే చాలాచోట్ల ఒక్క పోస్టు కూడా మిగలదు. 16,347 పోస్టులతో వచ్చిన 2025 ఆంధ్రప్రదేశ్ డీఎస్సీలో 20 శాతం ఓపెన్ కాబట్టి అవకాశం కాస్త విశాలమే, అక్కడా పోటీ స్థానికులతో కలిసే. నాన్‌లోకల్‌గా రాయొద్దని చెప్పడం లేదు. రాసేవారు ఎన్ని పోస్టులకు పోటీ పడుతున్నామో ముందే లెక్క చూసుకుని, ఉన్న ఉద్యోగం మానేసి కోచింగుకు వెళ్లాలా వద్దా అన్నది తేల్చుకోవాలి.

ఇదంతా అన్యాయమే కదా, దేశ పౌరులకు ఎక్కడైనా ఉద్యోగం చేసుకునే హక్కు లేదా అన్న ప్రశ్న వస్తుంది. న్యాయమైన ప్రశ్నే. నివాసం ఆధారంగా ప్రభుత్వోద్యోగం నిరాకరించకూడదని 16(2) అధికరణం చెబుతుంది. 16(3) ప్రకారం అలాంటి షరతు పెట్టే అధికారం పార్లమెంటుదే, రాష్ట్రాలది కాదు. రాజస్థాన్‌లో టీచర్ల ఎంపికలో సొంత జిల్లా వారికి, గ్రామీణులకు బోనస్ మార్కులు కలిపితే 2002లో కైలాశ్ చంద్ శర్మ కేసులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. తెలుగు రాష్ట్రాలది మాత్రం రాజ్యాంగమే ఇచ్చిన ప్రత్యేక ఏర్పాటు. స్థానికులకే ఉద్యోగాలన్న ముల్కీ నిబంధనల గొడవ నుంచి 1969, 1972 ఉద్యమాల దాకా సాగిన చేదు చరిత్ర దాని వెనక ఉంది. వెనకబడిన జిల్లా పిల్లవాడికి తన జిల్లాలో ఉద్యోగం దొరకాలన్న కోరిక తప్పు కాదు. కానీ చిన్నప్పుడు ఎక్కడ చదివారన్న ఒక్క కొలతతో పాతికేళ్లు దాటిన మనిషి ఊరును తేల్చడం, ముఖ్యంగా పెళ్లితో ఊరు మారక తప్పని ఆడవాళ్ల విషయంలో, సరైన పద్ధతి కాదు. ఏళ్లుగా ఇక్కడే నివాసముంటున్నవారికి కూడా స్థానికతలో చోటు ఉండాలి. టీచరుకు పిల్లల భాష వచ్చి ఉండాలన్న షరతును మాత్రం నేను సమర్థిస్తాను. ఒకటో తరగతి పిల్లవాడి మాట అర్థం కాని టీచరు ఎంత చదువుకున్నా ఆ పిల్లవాడికి ఉపయోగపడరు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ గిరిజనులకే ఇస్తూ తెచ్చిన జీవో 3ను సుప్రీంకోర్టు 2020లో, చేబ్రోలు లీలాప్రసాదరావు కేసులో కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ చెల్లదన్న తీర్పును ఒప్పుకున్నా, కోయ, సవర పిల్లలకు వారి మాట వచ్చిన టీచరు కావాలన్న అవసరం అలాగే ఉండిపోయింది.

రిజర్వేషన్ విషయంలో అపోహ మరీ బాధాకరం, ఎందుకంటే దెబ్బతినేది అసలే వెనకబడినవారు. ఎస్సీ, ఎస్టీ సర్టిఫికెట్ దేశమంతా ఒకేలా చెల్లుతుందని చాలామంది నమ్ముతారు. ఆంధ్రలో పుట్టి, చిన్నప్పుడే తండ్రి ఉద్యోగంతో బొంబాయి చేరిన మర్రి చంద్రశేఖరరావు అక్కడ ఎస్టీ కోటాలో మెడికల్ సీటు కోరినప్పుడు, 1990లో రాజ్యాంగ ధర్మాసనం కుదరదంది. కులాల జాబితా రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది కాబట్టి వలస వెళ్లిన చోట ఆ హోదా రాదన్నది తీర్పు. బీసీలకూ ఇదే పరిస్థితి. కొత్త రాష్ట్రంలో దరఖాస్తు చేస్తే ఓపెన్ కేటగిరీలో పోటీ పడాల్సిందే. కేంద్ర ప్రభుత్వ సంస్థల పోస్టులకు మాత్రం సొంత రాష్ట్రపు ఎస్సీ, ఎస్టీ సర్టిఫికెట్ చెల్లుతుంది. అంటే వరంగల్ నుంచి పుణె వెళ్లిన ఎస్సీ టీచరుకు మహారాష్ట్ర ప్రభుత్వ బడిలో లేని రిజర్వేషన్ అదే ఊళ్లోని కేంద్రీయ విద్యాలయం పోస్టుకు ఉంటుంది. ఈ ఒక్క సంగతి తెలియక ఎందరో దరఖాస్తే చేయడం లేదు.

స్పౌజ్ కేటగిరీ కింద ప్రభుత్వ టీచరు పక్క రాష్ట్రానికి బదిలీ కావచ్చన్నది ఇంకో ఆశ. రాష్ట్ర ప్రభుత్వ టీచరుది జిల్లా కేడర్. సొంత రాష్ట్రంలో జిల్లా దాటడానికే ప్రత్యేక ఉత్తర్వులు కావాలి, రాష్ట్రం దాటడం అరుదైన మినహాయింపు. దాన్ని నమ్ముకుని పెళ్లి ముహూర్తాలు పెట్టుకోవద్దు. రాష్ట్రాల మధ్య మామూలుగా బదిలీలు జరిగేది కేంద్రీయ విద్యాలయాల్లాంటి చోట్లే. అక్కడ హిందీ, ఇంగ్లిషు రెండింటిలోనూ బోధించగలగాలి.

ప్రైవేటు బడుల్లో స్థానికత అడగరు, నిజమే. అనుభవం ఉంటే టెట్ అక్కర్లేదన్న మాట మాత్రం నిలబడదు. ‘ఎవరూ అడగడం లేదు కదా’ అనేవారికి జవాబు ఇది: 23వ సెక్షన్ ప్రైవేటు బడులకూ వర్తిస్తుంది. పైగా మైనారిటీ సంస్థల ప్రశ్నను విస్తృత ధర్మాసనానికి వదిలి, అయిదేళ్లకు మించి సర్వీసు మిగిలిన టీచర్లు రెండేళ్లలో టెట్ పాస్ కావాలని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు చెప్పింది. పనిలో ఉన్నవారికే ఆ నియమమైనప్పుడు, కొత్తగా చేరేవారికి సడలింపు ఉంటుందని ఎలా అనుకుంటాం? ప్రైవేటు బడుల్లో సబ్జెక్టు కూడా ముఖ్యమే. లెక్కలు, సైన్సు, ఇంగ్లిషు చెప్పేవారికి ఏ నగరంలోనైనా చోటుంది. తెలుగు పండితులకు సరిహద్దు దాటితే అవకాశాలు ఇరుకవుతాయి. బెంగళూరు బడుల్లో కన్నడం, చెన్నైలో తమిళం తప్పనిసరి. అదే పద్ధతిలో 2018లో తెలంగాణ చేసిన చట్టం సీబీఎస్ఈ బడుల్లోనూ తెలుగును తప్పనిసరి చేసింది కనుక, ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాద్ వచ్చే తెలుగు టీచరుకు ప్రైవేటు రంగంలో దారి తెరిచే ఉంది. ఢిల్లీ చేరినవారికి దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1948లో స్థాపించిన ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ బడులు ఉన్నాయి.

ఊరు మారబోతున్న టీచర్లకు ఒక్క మాట. సామాను సర్దుకునే ముందే ఒకటి నుంచి పది వరకు చదివిన ప్రతి బడి నుంచీ స్టడీ సర్టిఫికెట్ తీసుకోండి. బడి మూతపడి ఉంటే ఎంఈఓ కార్యాలయంలో వాకబు చేయండి. పనిచేసిన బడుల నుంచి తేదీలు, తరగతులు, సబ్జెక్టు రాసిన అనుభవ పత్రం తీసుకోండి. సీటెట్ రాయకపోతే వచ్చే నోటిఫికేషన్‌కే దరఖాస్తు చేయండి. కొత్త రాష్ట్రపు నోటిఫికేషన్ వచ్చినప్పుడు స్థానికత, టెట్, రిజర్వేషన్ నిబంధనలు స్వయంగా చదివాకే ఫీజు కట్టండి.