కేశములకు మనమే చేయు కీడు

ఉదయమున బడిగంట మ్రోగుటకు ముందు వసతిగృహములోని అద్దమున్న చోటు చిన్న తిరునాళ్లవలె నుండును. ఒకడు తడితలను అట్లే దువ్వుచుండును. ఒకడు తువాలుతో తలను బరబర రుద్దుచుండును. మఱియొకడు ప్రక్కవాని దువ్వెనకై చేయి చాచుచుండును. కొంతకాలమునకు వీరిలోనే కొందఱు “అయ్యా, జుట్టు రాలిపోవుచున్నది, ఏ నూనె రాచుకొనిన నిలుచును?” అని మమ్ము అడుగుదురు. తండ్రులును ఇదే ప్రశ్న వేయుచుండుటచే, ఈ విషయమును ఇచట వివరింప తలచితిమి.

ముందుగా వెండ్రుక యన నేమో తెలిసికొందము. చర్మముపై కనబడు వెండ్రుకకు ప్రాణము లేదు. అది గోరువలెనే కెరటిన్ అను మాంసకృత్తుతో ఏర్పడినది. ప్రాణమున్నది చర్మము లోపలి కుదురునందు మాత్రమే. వెండ్రుకను శక్తిగల సూక్ష్మదర్శినితో చూచినచో, ఇంటికప్పు మీది పెంకులవలె ఒకదానిపై నొకటి పేర్చిన పొలుసులు కనబడును. ఆ కప్పు చెదరనంతవఱకు లోపలి నారలు భద్రముగా నుండును. చెదరినచో వెండ్రుక గరుకై, చివర చీలి, నడుమ విఱుగును. చేతికి తగిలిన గాయము మానును గాని వెండ్రుకకు తగిలిన గాయము మానదు. క్రొత్తభాగము కుదురునుండి పెరిగి రావలసినదే. అది నెలకు సుమారు 1 సెంటీమీటరు మాత్రమే పెరుగును. కాబట్టి వెండ్రుక విఱుగుట వేఱు, కుదురు క్షీణించుట వేఱు. మొదటిది తఱచుగా మన చేతిపని. రెండవది సాధారణముగా కాదు.

మన తలపై సుమారు లక్ష వెండ్రుకలు కలవు. ఒక్కొక్కటి కొన్ని సంవత్సరములు పెరిగి, కొన్ని నెలలు విశ్రమించి, పిదప రాలును. అందుచే దినమునకు 50 మొదలు 100 వఱకు రాలుట సహజమే. దువ్వెనకు చిక్కిన వెండ్రుకను వెలుతురున పట్టి చూడుడు. ఒక కొనయందు తెల్లని చిన్న గుబ్బ యున్నచో అది కుదురునుండి రాలినది. గుబ్బ లేనిచో అది నడుమ విఱిగినదని గ్రహింపవలయును.

విఱుగుటకు హేతువులలో తడితలను దువ్వుట ముఖ్యమైనది. నీరు వెండ్రుకలోనికి చేరి లోపలి బంధములను సడలించును. తడిసిన వెండ్రుక ఎక్కువగా సాగును, సులభముగా తెగును. తువాలుతో రుద్దినచో పైపొలుసులు లేచిపోవును. కావున తలను మెత్తని బట్టతో అద్ది, కొంత ఆఱనిచ్చి, వెడల్పు పండ్ల దువ్వెనతో చిక్కులను కొనలనుండి పైకి క్రమముగా తీయవలయును.

రెండవది సబ్బు. ఒంటిసబ్బుతోనే తల రుద్దుకొను బాలురు పెక్కండ్రు. సాధారణమైన సబ్బు క్షారగుణము గలది. అది పొలుసులను విడివడజేసి వెండ్రుకను గరుకు చేయును. బోరునీరు కఠినజలమైనచో సబ్బు సరిగా నురుగక, జిడ్డుతెట్టుగా మారి తలకు పట్టుకొనును. మన అవ్వలు వాడిన కుంకుడుకాయలలోను శీకాయలోను సాపోనిన్లను పదార్థములు కలవు. వానివలననే నురుగు వచ్చును. అవి సబ్బువంటి క్షారములు కావు. షాంపూలు పెక్కింటియందును ఆ క్షారగుణము లేదు. షాంపూ అను మాటకు మూలము, పిసుకుట యను అర్థముగల హిందీ మాట. పట్నాలో జన్మించిన షేక్ దీన్ మహమ్మదు 19వ శతాబ్దపు ఆరంభమున ఇంగ్లండులోని బ్రైటను పట్టణమున స్నానశాల నడపి ఈ మాటకు ప్రచారము కలిగించెను. దేనితో కడిగినను గోళ్లతో గీరక, వ్రేళ్ల కొనలతో మెల్లగా రుద్దుటయే మేలు.

ఇక నూనె మాట. 2003వ సంవత్సరమున మన దేశపు పరిశోధకులు కొబ్బరినూనెను, ప్రొద్దుతిరుగుడు నూనెను, ఖనిజతైలమును పోల్చి చూచి, కొబ్బరినూనె మాత్రమే వెండ్రుకలోని మాంసకృత్తు నష్టమును తగ్గించెనని ప్రకటించిరి. ఆ పరిశోధకులు కొబ్బరినూనె అమ్ము సంస్థలోనివారే యగుటయు గుర్తుంచుకొనదగినది. తలస్నానమునకు ముందు కొంచెము రాచుకొనుట మంచిదే. అయినను నూనె వెండ్రుకకు కాపుదలయే గాని కుదురునకు ఎరువు కాదు. చుండ్రు గలవారు రాత్రియంతయు నూనె పట్టించి యుంచుట మంచిది కాదు. చుండ్రునకు సంబంధించిన సూక్ష్మజీవులకు జిడ్డే ఆహారము.

వేడిగాలి యంత్రమును తడితలకు మిక్కిలి దగ్గఱగా పట్టినచో, వెండ్రుకలోని నీరు ఆవిరియై లోపల బుడగలు పుట్టును. అచటనే అది తునుగును. జుట్టు పెంచి బిగించి ముడివేయు అలవాటును హానికరమే. నిత్యము లాగబడిన కుదుళ్లు తుదకు నశించును. 1907లోనే గ్రీన్‌లాండు వాసులయందు ఇట్టి బట్టతల గుర్తింపబడినది. రంగులు వేసికొనువారు ముందుగా చెవివెనుక కొంచెము పూసి, దురదయు వాపును రాకుండుట చూచికొనవలయును.

చేయని నేరము మోయుచున్నవియు కొన్ని కలవు. గుండు గీయించిన జుట్టు ఒత్తుగా వచ్చునని మనవారి నమ్మకము. 1928లో అమెరికాలో మిల్డ్రెడ్ ట్రాటరు అను శాస్త్రజ్ఞురాలు పరీక్షించి, క్షౌరమువలన వెండ్రుక మందముగాని వేగముగాని పెరుగదని తేల్చెను. కత్తి తగులునది ప్రాణములేని భాగమునకే కదా! అట్లే హెల్మెట్టువలన బట్టతల వచ్చునని కొందఱు దానిని బండికి తగిలించుకొని పోవుచున్నారు. అది కుదుళ్లను చంపదు. తల ఆఱిన పిమ్మట, లోపల పలుచని నూలుబట్ట చుట్టి ధరించిన చాలును. జుట్టుకై తలనే పోగొట్టుకొనుట ఏమి వివేకము? తండ్రులును అన్నలును దీనిని గమనింతురు గాక.

నుదుటి రెండు ప్రక్కలను, నడినెత్తిని క్రమముగా పలుచబడు బట్టతల వంశమునుబట్టియు పురుష హార్మోనునుబట్టియు వచ్చునని 1942లో జేమ్సు హామిల్టను నిరూపించెను. అది దువ్వెన దోషము కాదు, మనుష్యుని దోషమును కాదు. వైద్యుడిచ్చు మందులు కొందఱియందు దానిని మందగింపజేయును. ప్రకటనలను నమ్మి నూనెసీసాలకై పోయు డబ్బు మాత్రము తిరిగి రాదు. పేనుకొరుకుడు అని మనము పిలుచు గుండ్రని మచ్చకును పేనునకును సంబంధము లేదు. శరీరరక్షణశక్తి పొరపాటున కుదుళ్లపై తిరుగబడుటయే దానికి కారణము. దానిపై ఘాటైన పసరులు రుద్దరాదు. పొట్టు రాలుచు దురదపెట్టు మచ్చ తామర కావచ్చును. అది ఒకరి దువ్వెననుండి, తువాలునుండి మఱియొకరికి అంటును. ఏ మచ్చనైనను వైద్యునికి చూపుట మంచిది.

బాలురారా! ఎవరి దువ్వెన వారికి, ఎవరి తువాలు వారికి ఉండనిండు. తల ఆఱిన పిదప దువ్వుడు. నెత్తి పలుచబడిన తోడివానిని చూచి మాత్రము నవ్వకుడు. ఆ నవ్వునకు వెఱచియే కొందఱు తరగతిలో తల వంచుకొని కూర్చుండుట మేము చూచుచున్నాము. విఱిగిన వెండ్రుక స్థానమున క్రొత్తది కొన్ని నెలలలో పెరుగును. విఱిగిన మనస్సు అంత త్వరగా అతుకుకొనదు.