ఏడవలేక నవ్వడం: నగర పేదరికం – విషాద హాస్యం

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
- విషాద హాస్యం అంటే ఏమిటో చెప్పగలుగుతారు.
- పేదలు నవ్వడానికీ, పేదలను చూసి నవ్వడానికీ ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.
- ఈ హాస్యం చేయగలిగేదేమిటో, చేయలేనిదేమిటో వివరించగలుగుతారు.

1. విషాద హాస్యం అంటే ఏమిటి?

“ఏడవలేక నవ్వినట్టు” అనే మాట మీరు వినే ఉంటారు. ఆకలి, చావు, నిలువ నీడ లేకపోవడం వంటివి నవ్వుకునే విషయాలు కావు. అయినా వాటిని అనుభవించేవారే వాటి మీద ఛలోక్తులు విసురుకుంటారు. దీనినే విషాద హాస్యం అంటాం.

ఒక ఉదాహరణ చూద్దాం. వానాకాలంలో గుడిసె కప్పు కారుతోంది. ఆ ఇంటామె కింద గిన్నెలు పెడుతూ పక్కింటామెతో, “మునిసిపాలిటీ వాళ్ళు కుళాయి ఇంట్లోకే వేశారు వదినా!” అంది అనుకోండి. ఇద్దరూ నవ్వుతారు. కప్పు కారడం ఆగదు. కానీ ఆ కష్టం ఆమె ఒక్కదానిదే కాకుండా ఇద్దరిదీ అయింది. అంతేకాదు, వీధికి కుళాయి వేయని మునిసిపాలిటీ పేరు కూడా అందులో వచ్చింది.

2. ఎవరు ఎవరిని చూసి నవ్వుతున్నారు?

ఇదే మాట మేడమీద నిలబడి చూస్తున్నవాడు అంటే ఏమవుతుంది? మాట మారదు, అర్థం మారిపోతుంది. అది ఎగతాళి అవుతుంది. “మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె” అనే సామెత కూడా ఇలాంటిదే. తన గురించి తాను అనుకుంటే అది చమత్కారం. ఇతరులు అంటే అది పేదవాడి చిన్న ముచ్చటను కూడా తప్పుపట్టడం. కాబట్టి హాస్యాన్ని అంచనా వేసేటప్పుడు రెండు విషయాలు చూడాలి: మాట ఎవరిది? దెబ్బ ఎవరికి తగిలింది?

3. బొంబాయి నుంచి రెండు ఉదాహరణలు

బొంబాయి (1995 నుంచి ముంబయి) ఎత్తయిన భవనాలూ, వాటి పక్కనే కాలిబాటల మీద కాపురాలూ ఉన్న నగరం.

1958లో వచ్చిన ‘ఫిర్ సుబహ్ హోగీ’ అనే హిందీ చిత్రంలో రాజ్ కపూర్ ఒక పేద విద్యార్థి పాత్ర ధరించారు. అందులో సాహిర్ లుధియాన్వీ రాసిన ఒక పాట ఉంది. దేశమూ, ప్రపంచమూ మావే అని గర్వంగా చాటే ఇక్బాల్ గీతాల ధోరణిని ఆయన ఒక ఇల్లులేనివాడి నోట పెట్టారు. తలదాచుకోవడానికి చోటు లేనివాడు లోకమంతా తనదేనంటే మనకు నవ్వొస్తుంది. మరుక్షణమే, స్వాతంత్ర్యం వచ్చిన పదకొండేళ్ళకు కూడా వీడికి గూడు ఎందుకు లేదు అనే ప్రశ్న వస్తుంది.

కుందన్ షా దర్శకత్వంలో 1983లో వచ్చిన ‘జానే భీ దో యారో’ ఇంకొక ఉదాహరణ. ఇద్దరు పేద ఫోటోగ్రాఫర్లు భవన నిర్మాణ వ్యాపారుల అక్రమాలనూ, ఒక హత్యనూ కనిపెడతారు. శవం చేతులు మారుతూ నాటకరంగం మీదికి కూడా వస్తుంది. ప్రేక్షకులు పడిపడి నవ్వుతారు. చివరికి దోషులు రాజీపడతారు. కూలిన వంతెన నేరం ఆ ఇద్దరి మీద పడుతుంది. ఖైదీల బట్టల్లో వాళ్ళు నడుస్తుంటే, ఒకనాటికి గెలుస్తామని చెప్పే పాట వినిపిస్తుంది. అప్పటిదాకా నవ్విన ప్రేక్షకుడికి ఆ నవ్వు గొంతులో ఆగిపోతుంది.

4. తెలుగులో

విశాఖపట్నంలో న్యాయవాదిగా పనిచేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922–1993) ‘ఆరు సారా కథలు’లో మద్యనిషేధ చట్టం చుట్టూ అల్లుకున్న బతుకులను చిత్రించారు. ఆయన వ్యంగ్యం బోనులో నిలబడ్డ పేదవారి కంటే, వారిని బోనులోకి నెట్టిన వ్యవస్థకే ఎక్కువగా తగులుతుంది.

5. నవ్వు చేయలేనిది

1981 జులైలో, నడి వానాకాలంలో, బొంబాయి కాలిబాటల మీద ఉన్నవారిని ఖాళీ చేయించడం మొదలైంది. వారి పక్షాన కొందరు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. జీవనోపాధి హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని కోర్టు 1985లో చెప్పింది. అయితే కాలిబాట మీదే ఉండే హక్కును మాత్రం ఒప్పుకోలేదు. పూర్తిగా గెలవకపోయినా, ఆ మాటను రాబట్టింది ఛలోక్తి కాదు, పోరాటం.

మరి నవ్వు ఎందుకు? “నా ఖర్మ” అనుకునేవాడు తలవంచుకుంటాడు. తన స్థితిని చూసి నవ్వగలిగినవాడు, ఇది ఇలా ఉండనక్కరలేదని గ్రహించినవాడు. అయితే రోజూ నవ్వి ఊరుకుంటే కష్టం అలవాటైపోతుంది. నవ్వు కాస్త ఊపిరి పీల్చుకోనిస్తుంది. ఆ ఊపిరితో ఏం చేస్తామన్నది మన చేతిలో ఉంది.

మీరు నేర్చుకున్నది

విషాద హాస్యం కష్టాన్ని తీర్చదు. దాన్ని నలుగురితో పంచుతుంది, దాని కారణాన్ని వేలెత్తి చూపుతుంది. పేదవారినే గురిగా పెట్టుకున్న నవ్వు ఎగతాళి మాత్రమే.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

1. గుడిసెలోని స్త్రీ మాటలో దెబ్బ ఎవరికి తగిలింది?
2. విషాద హాస్యానికీ ఎగతాళికీ గల తేడాను మీ సొంత మాటల్లో రాయండి.
3. మీ వీధిలోనో, పనిచేసే చోటో విన్న ఒక ఛలోక్తిని రాసి, అది ఎవరిని గురిపెట్టిందో వివరించండి.